తగిలినవాడే చెప్పాలి

కొన్నాళ్లుగా రూపేష్‌ది ఒకటే అయోమయం. ఏ తుపాకీ కొనాలి?

నిజం తుపాకీ కాదు, ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ. చూడటానికి అచ్చం మిలిటరీ వాళ్ల రైఫిల్‌లాగే ఉంటుంది. లోపలినుంచి వచ్చేది మాత్రం మిరియం గింజ కన్నా కాస్త పెద్దదైన తెల్లటి ప్లాస్టిక్ గోళీ. ముఖానికి మాస్కు పెట్టుకుని, రెండు జట్లుగా విడిపోయి, చెట్ల చాటునుంచి ఒకరినొకరు కాల్చుకునే ఆట అది. తగిలితే చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. తగిలినవాడు చెయ్యెత్తి, ఆటలోంచి బయటికి వెళ్లిపోవాలి.

రూపేష్ విశాఖ తీరంలో ఒక జెట్టీ మీద క్రేన్ నడుపుతాడు. వారమంతా ఎత్తున వేలాడే అద్దాల గదిలో కూర్చుని ఓడల్లోకి సరుకు దించుతాడు, ఓడల్లోంచి సరుకు తీస్తాడు. ఆదివారం వచ్చిందంటే ఆనందపురం దాటాక ఉన్న జీడితోటకి వెళ్లి ఈ ఆట ఆడతాడు.

అతని దగ్గరున్నది చవకరకం తుపాకీ. ఒళ్లంతా ప్లాస్టిక్. ట్రిగ్గర్ నొక్కితే కుట్టుమిషన్‌లా చప్పుడు చేస్తుంది. కొనాలనుకుంటున్నది జపాన్‌లో తయారైనది. ఇనుప గొట్టం, చెక్క పిడి, చేతిలోకి తీసుకుంటే పసిపిల్లని ఎత్తుకున్నంత బరువు. దాని ధరకి ఒక పాత మోటార్‌సైకిల్ వస్తుంది.

అందరినీ అడిగాడు. హైదరాబాద్‌లో అమ్మే ఆయన ఫోన్‌లో, "చవకది కొని మళ్లీ మళ్లీ కొనేకన్నా ఒక్కసారే మంచిది కొనుక్కోండి" అన్నాడు. ఇంటర్నెట్‌లో వీడియోలు చేసే ఒకాయన, "కొత్తలో ఖరీదైనది కొన్నవాళ్లంతా తర్వాత బాధపడ్డారు" అన్నాడు. జట్టులో ఆడే ఒకమ్మాయి తుపాకీలో ఏమీ లేదని, అంతా గురిలోనే ఉందని చెప్పింది. గొట్టం సరిగ్గా లేకపోతే గురి ఎంతుంటే ఏం లాభం అన్నాడు ఇంకొకడు.

వింటున్నంతసేపూ ప్రతివాళ్ల మాటా నిజమే అనిపించేది. విన్నాక తను ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడే ఉండేవాడు.

అసలు సంగతి వేరే ఉంది. అది అతను ఎవరికీ చెప్పలేదు.

జీడితోట వరహాలమ్మ గారిది. ఆవిడ పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కొత్తగా చేరిన కానిస్టేబుళ్లకి తుపాకీ పట్టడం నేర్పారు. ఈ కుర్రాళ్లు వచ్చి ఆడుకోవడానికి చోటు అడిగితే, తోటలో కాపు ఉడిగిన పాత చెట్లున్న వైపు చూపించారు. అడిగినవాళ్లకి నిలబడటం, ఊపిరి బిగబట్టడం, గురి చూడటం కూడా నేర్పారు. రూపేష్‌కి తుపాకీ పట్టడం వచ్చిందంటే ఆవిడ వల్లే.

తోటలో ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. తగిలినవాడే తగిలిందని చెప్పాలి. కొట్టినవాడు నోరెత్తకూడదు.

ఈ నియమం దగ్గరే రూపేష్‌కి దెబ్బ తగిలింది.

వేసవి మొదట్లో ఒక ఆదివారం జెండా ఆట జరిగింది. ఎదుటి జట్టు జెండాని ముందు ఎవరు తీసుకుంటే వాళ్లు గెలిచినట్టు. రూపేష్ ఒక జట్టు. అతని స్నేహితుడు దాలినాయుడు రెండో జట్టు. ఇద్దరూ కంచరపాలెంలో ఒకే వీధిలో పెరిగారు, ఒకే జెట్టీలో పనిచేస్తున్నారు, ఆ రోజు తోటకి కూడా ఒకే బండి మీద వచ్చారు.

మధ్యలో అకాలపు జల్లు మొదలైంది. దాలి బండిలోంచి రెయిన్‌కోటు తీసి తొడుక్కున్నాడు. ఆట చివరికొచ్చేసరికి అతను జెండాకి దగ్గరగా ఒక మొద్దు వెనక నక్కి ఉన్నాడు. వీపు రూపేష్‌కి కనిపిస్తోంది. రూపేష్ ఊపిరి బిగబట్టి కాల్చాడు. తెల్లటి గోళీ వానలో గీత గీసినట్టు వెళ్లి రెయిన్‌కోటు మీద పడటం చూశాడు. టప్‌మన్న చప్పుడు కూడా విన్నాడు.

దాలి చెయ్యెత్తలేదు. లేచి పరిగెత్తి జెండా పీకేశాడు.

"ఒరే దాలీ, నీకు తగిలింది" అని రూపేష్ అరిచాడు.

వరహాలమ్మ గారు విజిల్ వేశారు. అందరూ ఆగిపోయారు. ఆవిడ రూపేష్ వైపు చూసి, "నువ్వు బయటికెల్లు" అన్నారు.

"మేడం, నేను చూశాను. తగిలింది."

"బయటికెల్లు బాబూ."

దాలి మాస్కు తీశాడు. "నాకేటీ తగల్లేదురా" అన్నాడు.

ఆ సాయంత్రం రూపేష్ బస్సెక్కి ఇంటికొచ్చాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మాటలు లేకపోవడం వరకే అయితే సరిపోయేది. కానీ పనిలో దాలి రూపేష్‌కి సిగ్నల్ మేన్. క్రేన్ గదిలో కూర్చున్నవాడికి ఓడ గర్భంలో ఏం జరుగుతోందో కనిపించదు. అంచు మీద నిలబడి లోపలికి చూసే మనిషి చేతి సైగలే అతనికి కళ్లు. అరచెయ్యి కిందికి ఊపితే దించాలి. చెయ్యెత్తి పిడికిలి బిగిస్తే ఆపెయ్యాలి. ఇన్నేళ్లూ రూపేష్ ఆ చెయ్యి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. తన చెయ్యి గురించి ఎవరైనా ఆలోచిస్తారా?

ఇప్పుడు ఆలోచిస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం ఇనుప గొట్టాల కట్ట ఓడలోకి దించుతున్నాడు. దాలి పిడికిలి బిగించాడు. రూపేష్ చూశాడు. చూసి కూడా, నిజంగా ఆపాలా, వీడు తొందరపడ్డాడా అని ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ క్షణంలో కట్ట ఇంకాస్త దిగిపోయింది. లోపలున్న కూలీలు కేకలేస్తూ పక్కకి దూకారు. ఎవరికీ ఏమీ కాలేదు. దాలి పైకి చూశాడు. అంత ఎత్తునుంచి అతని ముఖం కనిపించలేదు.

సూపర్‌వైజరు బ్రేకు మీద అనుమానపడి మెకానిక్‌ని పిలిపించాడు. మెకానిక్ అంతా విప్పి చూసి, బ్రేకు బాగానే ఉందన్నాడు. రూపేష్ తల దించుకుని నిలబడ్డాడు.

ఆ రాత్రి నుంచి తుపాకీ ఆలోచన అతన్ని మరీ గట్టిగా పట్టుకుంది. తన చవక తుపాకీకి బలం చాలక దాలికి దెబ్బ తెలియలేదేమో. అలా అయితే దాలి మంచివాడు. బలమైన తుపాకీతో కొట్టి ఉంటే తెలిసేదే. మరి టప్‌మని వినిపించింది కదా? అంత చప్పుడు తనకి వినిపిస్తే దాలికి వినిపించదా? అలా అయితే దాలి అబద్ధాలకోరు. ఆలోచన ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరిగేది. ఖరీదైన తుపాకీ చేతికొస్తే ఈ తిరుగుడు ఆగిపోతుందని అతనికి అనిపించింది. ఎందుకలా అనిపించిందో అతనే చెప్పలేడు.

జట్టులో గిరిధర్ అనే కాంట్రాక్టరు దగ్గర ఆ జపాన్ తుపాకీ ఉంది. అమ్మేద్దామనుకుంటున్నాడు. "వారం రోజులు వాడి చూడు, నచ్చితే ఉంచుకో" అని రూపేష్‌కి ఇచ్చాడు.

వారం మధ్యలో ఒక సెలవు రోజు పొద్దున్నే రూపేష్ రెండు తుపాకీలనీ పొడుగు సంచిలో పెట్టుకుని తోటకి వెళ్లాడు.

వరహాలమ్మ గారు వాకిట్లో జీడిపిక్కలు ఎండబోసి, కాలితో మెల్లగా కెలుకుతూ తిరుగుతున్నారు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకున్నారు.

"ఏటి బాబూ, ఈరోజు ఆట లేదు కదా" అన్నారు.

"ఒక సలహా కావాలి మేడం."

అరుగు మీదున్న నులకమంచం మీద రెండు తుపాకీలూ పరిచాడు. చెప్పడం మొదలుపెట్టాడు. దీని గొట్టం ఇంత పొడుగు, దాని స్ప్రింగు ఇంత గట్టిది, ఇది తడిస్తే పాడవుతుంది, దానికి విడిభాగాలు దొరకవు, అమ్మే ఆయన ఇలా అన్నాడు, వీడియోలో ఆయన అలా అన్నాడు. ఆవిడ కాళ్లు కడుక్కుని వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని అంతా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

అతను ఆగాక, ఖరీదైనది చేతిలోకి తీసుకున్నారు. గొట్టంలోంచి వెలుతురుకి పట్టి చూశారు. భుజానికి ఆనించుకున్నారు. "బాగుంది" అన్నారు.

తర్వాత చవకది తీసుకున్నారు. దాన్నీ అలాగే చూశారు. "ఇదీ బాగుంది."

రూపేష్‌కి ఏడుపొచ్చినంత పనయింది. "రెండూ బాగుంటే ఎలా మేడం? దీనికి బలం చాలదు. తగిలినా తెలియట్లేదు."

"ఎవరికి తెలియట్లేదు?"

"ఎవరికైనా" అన్నాడు రూపేష్.

ఆవిడ లేచి పక్కనున్న పాకలోకి వెళ్లారు. వచ్చేటప్పుడు చేతిలో ఒక పాత నల్ల రెయిన్‌కోటు ఉంది. పోయిన వానాకాలం తర్వాత ఎవరూ ముట్టుకోలేదేమో, దాని నిండా ఎర్రమట్టి దుమ్ము పేరుకుని ఉంది. రూపేష్ అందుకుని దులపబోయాడు.

"దులపకు. అలాగే తొడుక్కో."

"ఎండలో రెయిన్‌కోటా మేడం?"

"మాస్కు కూడా పెట్టుకో. ఆ చెట్టు కాడికెల్లి, అటు తిరిగి రాయి మీద కూకో. నేను కాలుస్తాను. తగిలినప్పుడల్లా చెయ్యెత్తు."

"ఏ తుపాకీతో?"

"రెండింటితోనూ."

రూపేష్‌కి ఇప్పుడు అర్థమైనట్టే అనిపించింది. దెబ్బ తగిలించుకుని రెండింటి బలం తనే తేల్చుకోవాలన్నమాట. ఇది ముందే ఎందుకు తోచలేదనుకున్నాడు. హుషారుగా వెళ్లి రాయి మీద కూర్చున్నాడు. కోటు అంచు వెనక రాతి మీదికి పరుచుకుంది.

కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. భుజం కింద చిన్నగా ఏదో తాకింది. చెయ్యెత్తాడు.

కాసేపటికి చప్పుడు మారింది. వీపు మధ్యన గోటితో కొట్టినట్టు టప్‌మంది. చెయ్యెత్తాడు. ఇది పెద్దది. తేడా తెలుస్తోంది. మనసులోనే గుర్తుపెట్టుకున్నాడు.

మళ్లీ చిన్నది. మళ్లీ పెద్దది. అంతా తేలికగా ఉంది.

అప్పుడు సముద్రం వైపు నుంచి గాలి లేచింది. జీడాకులు గలగలమన్నాయి. ఆ గలగలలో తుపాకీ చప్పుడు ఏదో, ఆకుల చప్పుడు ఏదో తెలియకుండా పోయింది. భుజం మీద ఏదో పడింది. చెయ్యెత్తాక చూస్తే ఎండుటాకు. సిగ్గేసింది. ఈసారి తొందరపడకూడదనుకున్నాడు. మళ్లీ ఏదో తాకినట్టయింది. ఇదీ ఆకేనేమోనని ఊరుకున్నాడు. ఊరుకున్నాక, గోళీయేమో అనిపించింది. ఇప్పుడు ఎత్తితే ఆలస్యంగా ఎత్తినట్టు ఉంటుంది. ఎత్తలేదు.

రెయిన్‌కోటు లోపల ఒళ్లంతా ఉడికిపోతోంది. చెమట బొట్లు వెన్ను మీద జారుతున్నాయి. జారిన ప్రతి బొట్టూ గోళీలాగే ఉంది. ఒకసారి ఎత్తాడు. ఒకసారి ఎత్తబోయి మానేశాడు. ఒకసారి చెయ్యి సగం దాకా లేచి, తల గోక్కుని కిందికి దిగింది. ఆవిడ వెనకనుంచి నవ్వుతున్నారేమో అనిపించింది. తిరిగి చూడాలనిపించింది గానీ చూడలేదు.

"వచ్చెయ్" అని పిలుపు వినిపించింది.

రూపేష్ మాస్కు తీసి, ముఖం తుడుచుకుంటూ అరుగు దగ్గరికి వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద రెండు గ్లాసుల్లో టీ ఉంది.

"ఏది మంచిదంటావు?" అని ఆవిడ అడిగారు.

"పెద్దదే మేడం. కొడితే స్పష్టంగా తెలిసింది. చిన్నదే అక్కడక్కడా అనుమానం. పెద్దదైతే ఒక్కటి కూడా తప్పిపోలేదు."

"కోటియ్యి."

అతను జాగ్రత్తగా విప్పి ఇచ్చాడు. ఆవిడ దాన్ని దండెం మీద, వీపు వైపు కనిపించేలా ఆరేశారు.

ఎర్రటి దుమ్ము మీద గోళీ తగిలిన ప్రతిచోటా చిన్న నల్లటి చుక్క పడింది. భుజం కింద కొన్ని, వీపు మధ్యన కొన్ని. అవి అతనికి గుర్తున్నాయి. నడుము దగ్గర మడత మీద మరికొన్ని ఉన్నాయి. రాతి మీద పరుచుకున్న అంచు నిండా చుక్కలే.

రూపేష్ దగ్గరికి వెళ్లి చూశాడు. వేలు పెట్టి తడమబోయి ఆగాడు.

"ఇవి ఎప్పుడు కొట్టారు మేడం?"

"గాలి వచ్చినప్పుడు."

"చిన్నదాంతోనా?"

"పెద్దదాంతో."

ఆవిడ టీ గ్లాసు అందుకుని ఊదుకుంటూ, "మధ్యలో పాలు పొంగిపోతాయని లోపలికెల్లాను" అన్నారు. "వంటింటి కిటికీలోంచి కనపడతావు నువ్వు. అప్పుడూ చెయ్యెత్తావు. రెండు మాట్లు ఎత్తావు."

రూపేష్ ముఖం ఎర్రబడింది.

"నేను అబద్ధం చెప్పలేదు మేడం" అన్నాడు.

"నేనన్నానా?"

అంతే అన్నారు. దాంట్లో వెక్కిరింపు లేదు. ఆవిడ కళ్లు జీడిపిక్కల మీదికి దిగిన పిచ్చుకల మీద ఉన్నాయి.

తను అన్న మాట రూపేష్ చెవుల్లోనే ఉండిపోయింది. అది తన గొంతులా అనిపించలేదు. ఎక్కడో విన్న గొంతులా ఉంది. చాలాసేపు దండెం మీద కోటు వంకే చూస్తూ నిలబడ్డాడు. గాలికి కోటు ఊగినప్పుడల్లా కాస్త దుమ్ము రాలుతోంది, చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి.

"ఆ రోజు దాలికి తగిలిందా మేడం?" అని అడిగాడు. "మీరు దగ్గర్లోనే ఉన్నారు కదా. మీరు చూసే ఉంటారు."

"ఆడి వీపు సంగతి నాకేటి తెలుస్తాది?"

"మరి నన్నెందుకు బయటికి పంపారు?"

"నీకు మాత్రం తెలుసునా?"

రూపేష్ మంచం మీద కూర్చున్నాడు. టీ తాగాడు. తల లోపల అంతా కలగాపులగంగా ఉంది. వచ్చేటప్పుడు ఒక ప్రశ్న తెచ్చుకున్నాడు. ఇప్పుడు అది ఎక్కడ పెట్టాడో కూడా తెలియడం లేదు. గ్లాసు కింద పెట్టాక గుర్తొచ్చింది.

"ఇంతకీ ఏది కొనుక్కోమంటారు మేడం?"

"పెద్దది మంచిది బాబూ. గొట్టం బాగుంది, గురి తప్పదు. కొనుక్కోగలిగితే కొనుక్కో."

ఇన్నాళ్లూ ఎవరైనా అలా తేల్చి చెబితే చాలనుకున్నాడు. ఇప్పుడు ఆవిడ తేల్చి చెప్పారు. అయినా అతనికి ఏమీ తేలినట్టు లేదు. రెండు తుపాకీలనీ సంచిలో పెట్టుకుని, ఆవిడకి దణ్ణం పెట్టి బయల్దేరాడు. గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. ఆవిడ మళ్లీ కాలితో పిక్కలు కెలుకుతున్నారు.

దారిలో గిరిధర్ ఇంటి దగ్గర ఆగి, జపాన్ తుపాకీ తిరిగి ఇచ్చాడు.

"ఏం, నచ్చలేదా?" అన్నాడు గిరిధర్.

"చాలా బాగుంది."

"ధర ఎక్కువనిపించిందా?"

"అదీ కాదు."

"మరి?"

"తెలీదన్నా. ఇంకా ఆలోచిస్తున్నాను" అన్నాడు రూపేష్. గిరిధర్ అతన్ని వింతగా చూసి, తుపాకీ లోపల పెట్టుకున్నాడు.

మర్నాడు పనిలో దాలి ఎప్పటిలాగే ఓడ అంచు మీద నిలబడ్డాడు. గొట్టాల కట్టలు అయిపోయి, ఆ రోజు పెద్ద ఇనుప రేకుల చుట్టలు దిగుతున్నాయి. ఒక చుట్ట సగం దిగాక దాలి పిడికిలి బిగించాడు. రూపేష్ ఆపేశాడు. చుట్ట గాల్లో నిలిచిపోయింది. పైనుంచి చూస్తే ఆపాల్సిన అవసరం ఏమీ కనిపించలేదు. కనిపించినంత వరకు దారి ఖాళీగానే ఉంది. చాలాసేపు గడిచింది. వాకీటాకీ చేతిలోనే ఉంది, మీట నొక్కి అడగొచ్చు. అతను నొక్కలేదు. కాసేపటికి దాలి అరచెయ్యి కిందికి ఊపాడు. రూపేష్ దించాడు.

ఎందుకు ఆపమన్నాడో ఆ రోజంతా తెలియలేదు. సాయంత్రం దిగి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. దాలి ఏదో అనబోయాడు. వెనకాల నుంచి జనం తోసుకుంటూ వస్తుంటే ఇద్దరూ చెరోవైపు జరిగిపోయారు.

ఆదివారం రూపేష్ తన పాత తుపాకీతోనే తోటకి వెళ్లాడు. ఈసారీ దాలి ఎదుటి జట్టులోనే ఉన్నాడు. విజిల్ పడింది. రూపేష్ వంగి నడుస్తూ పాత చెట్ల వరుస దాటి, ఒక పొద వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. జెండా కనిపిస్తోంది. కాపలా ఎవరూ ఉన్నట్టు లేదు. నాలుగు అంగలు వేస్తే చేతికందుతుంది.

లేవబోతుంటే మెడ వెనక చొక్కా కాలరు మీద ఏదో తాకింది.

అతను అలాగే ఆగిపోయాడు. పైన కొమ్మలు ఊగుతున్నాయి. చుట్టూ ఎండుటాకులు రాలుతున్నాయి. తుపాకీ చప్పుడు విన్నాడా? వినలేదనిపించింది. విన్నాడేమో కూడా అనిపించింది. మెడ తడిమి చూసుకున్నాడు. కింద నేల మీద వెతికాడు. పాత ఆటల్లో పడిన తెల్లటి గోళీలు ఆకుల మధ్య ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటిలో ఏది ఇప్పటిదో ఎవరు చెప్పగలరు?

జెండా గాలికి రెపరెపలాడుతోంది. ఎవరూ అతన్ని చూస్తున్నట్టు లేదు.

రూపేష్ చెయ్యెత్తాడు. తుపాకీ నేలకి దించి, పొదలోంచి లేచి బయటికి నడిచాడు.

బయట షెడ్డు కింద పొడుగు బెంచీ ఉంది. వరహాలమ్మ గారు ఒక చివర కూర్చుని విజిల్ తాడు వేలికి చుట్టుకుంటున్నారు. రూపేష్ రెండో చివర కూర్చున్నాడు.

కాసేపటికి దాలి కూడా చెయ్యెత్తుకుని వచ్చాడు. అతని మోకాలి మీద కొట్టి ఉంటారు, కుంటుతున్నాడు. షెడ్డు కిందికి వచ్చి, కూర్చోవాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"జెండా కాడ నువ్వే ఉన్నావు కదరా" అన్నాడు చివరికి. "నేను చెట్టు మీదినుంచి సూసేను. ఎవరు కొట్టారు నిన్ను?"

"తెలీదు."

"మా ఓళ్లెవరూ అటు రాలేదు. నేనూ కాల్చలేదు."

"ఊఁ."

"అసలు తగిలిందా నీకు?"

"అదీ తెలీదురా" అన్నాడు రూపేష్.

దాలి అతని ముఖంలోకి చూశాడు. తర్వాత తల దించుకుని మోకాలు రుద్దుకున్నాడు. రుద్దుకుంటూ, ఎవరికో చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"ఆ రోజు వాన పడతాంది. కోటు మీద చినుకులు టపటపమంటన్నాయి. ఏటి తగిలిందో, ఏటి తగల్లేదో... నేను పరిగెట్టేసేను."

వరహాలమ్మ గారు తోట వైపు చూస్తున్నారు. లోపల ఇంకా ఆట సాగుతోంది, ఆకుల మీద అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

రూపేష్ బెంచీ మీద కాస్త పక్కకి జరిగాడు.